తేజ తప్పిపోయిన వేసవి

పోయిన ఏడాది మార్చిలో ఒక ఆదివారం మా అత్తగారు రూతమ్మ చర్చి నుంచి వచ్చి, చేతిసంచి డైనింగ్ టేబుల్ మీద పెట్టబోతూ ఆగిపోయింది. అక్కడ బొటనవేలంత ఎర్రటి బొమ్మ ఒకటి రెక్కలు విప్పుకుని కూర్చుని ఉంది.

"ఏందమ్మాయ్ ఇది?"

"డ్రాగన్ అత్తయ్యా. మా ఆటలోది."

ఆమె కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. ముట్టుకోలేదు.

"ఘటసర్పం," అంది.

నాకు ఆ మాట కొత్త. మేడమెట్లు దిగుతున్న మా ఆయన బెంజిమిన్ విని నవ్వాడు. "బైబిల్ వాక్యంలో డ్రాగన్‌కి అదే పేరులే. సాతాను అన్నమాట."

"దానికి ఏడు తలలుంటయ్," అంది అత్తగారు. ఇంకోసారి వంగి చూసింది. "దీనికొకటే ఉంది. అయినా సరే, ఇక్కడ వద్దు. అవతల పెట్టు."

తీసి టీవీ పక్కన పెట్టాను. మా ఇంట్లో డ్రాగన్ సంగతి అలా మొదలైంది.

ఆ జనవరిలోనే మేం హైదరాబాద్ నుంచి నరసరావుపేట వచ్చేశాం. బెంజిమిన్‌కి ఇంటి నుంచి పని చేసుకోమన్నారు. మామగారు పోయాక అత్తగారు ఒక్కతే ఉంటోంది. నకరికల్లులో ఎలిమెంటరీ స్కూలు హెడ్‌మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఒకరి మీద ఆధారపడే రకం కాదు, కానీ మేం వస్తామంటే వద్దనలేదు. నాకు పుట్టిల్లు మాచవరం దగ్గర పల్లె. మా పెళ్ళయిన రోజు నుంచి మా నాన్న నాతో మాట్లాడటం మానేశాడు. మతం అని పైకి అన్నారు. అసలు అడ్డం కులం. అమ్మ మాత్రం నాన్న పొలానికి వెళ్ళినప్పుడు ఫోన్ చేసేది.

ఆట హైదరాబాద్‌లో నేర్చుకున్నాం. నిజానికి బెంజిమిన్, నేనూ కలిసింది ఆ ఆట దగ్గరే. టేబుల్ చుట్టూ కూర్చుంటాం. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషి. ఇప్పుడేం చేస్తావని కథ నడిపేవాడు అడిగితే, ఏం చేస్తామో చెప్పాలి. అనుకున్నది జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. నరసరావుపేటలో బెంజిమిన్ కథ నడిపేవాడు. వాళ్ళ పిన్ని కూతురు జెస్సీ నర్సింగ్ చదువుతోంది, ఆటలో కత్తి తిప్పేది. బెంజిమిన్ డిగ్రీ స్నేహితుడు పవన్ నకరికల్లులో మిరప వేస్తాడు, ఆటలో గజదొంగ. నేను ఏటి మీద పడవ నడిపే మనిషిని. రెండో వారమో మూడో వారమో నా పడవ అడుగున ఒక గుడ్డు దొరికింది. దాంట్లోంచి పుట్టింది ఈ డ్రాగన్.

జెస్సీ పైపులకు వాడే ఎం-సీల్ ముద్దతో బొమ్మ చేసి గోళ్ళరంగు పూసింది. పవన్ దాన్ని చూసి, "అచ్చం మా చేలో తేజ కాయలాగుంది," అన్నాడు. మిరపరకం పేరే దాని పేరైంది.

తేజ నా భుజం మీద పట్టేంత ఉంటుంది. మాట్లాడదు కానీ నేను దిగులుగా ఉంటే దానికి తెలుస్తుంది. రోజూ తిండి పెట్టాలి. దగ్గరుండి ఎగరడం, ఆగడం నేర్పాలి. పట్టించుకోకపోతే వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు. ఉరుమంటే భయం. భయపడితే తుమ్ముతుంది, ముక్కులోంచి పొగ వస్తుంది. ఏం తింటుందని బెంజిమిన్ అడిగినప్పుడు ఆ పూట నేను నిజంగానే కుక్కర్ మాడ్చి ఉన్నాను, అందుకని మాడిన అన్నం అని చెప్పాను. ఆటలో అదే ఖాయమైపోయింది.

అత్తగారు బెంజిమిన్‌ని కూర్చోబెట్టి అడిగింది, స్కూలు తనిఖీకి వచ్చినట్టు.

"ఇందులో ఎవరు గెలుస్తారు?"

"ఎవరూ గెలవరమ్మా."

"మరి ఎప్పుడు అయిపోద్ది?"

"అయిపోదు. కథ నడుస్తానే ఉంటది."

"పందేలు కాస్తారా?"

"లేదు."

"మంత్రాలు?"

బెంజిమిన్ తల గోక్కున్నాడు. "కథలో ఉంటయ్. మనం చదివేవి కాదు."

ఆమె కాసేపు ఆలోచించింది. "చదువుకున్నోళ్ళు మీరు. వద్దని నేను చెప్పను. నాకు మాత్రం ఆ బొమ్మ ఇష్టం లేదు. అది తెలిసుండండి చాలు."

ఎండలు ముదిరాక మేడమీద గది పెనంలా కాలేది. ఆట కింద హాల్లోకి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం మేం నలుగురం టేబుల్ దగ్గర, అత్తగారు వంటింటి గుమ్మంలో పీట వేసుకుని చింతపండు గింజలు తీస్తూ. మా వైపు వీపు పెట్టి కూర్చునేది. ఆట మొదలయ్యే ముందు బెంజిమిన్ గుడ్డు దొరికిన దగ్గర్నుంచి కథంతా మళ్ళీ ఒకసారి చెప్పేవాడు. ఒకసారి మాత్రం ఉన్నట్టుండి, "రోజూ మాడిన అన్నమే పెడితే ఏం బలమొస్తదే దానికి?" అంది. జెస్సీ పకపకా నవ్వింది. అత్తగారు ఇటు తిరగలేదు.

ఏప్రిల్‌లో తేజ తప్పిపోయింది. మా కథలో ఉప్పు వర్తకుల కోట ఒకటి వచ్చింది. లోపల ఎంతమంది ఉన్నారో తెలియాలి. నేను తేజను పంపుతానన్నాను. "అది ఇంకా పిల్లది, ఆలోచించుకో," అన్నాడు బెంజిమిన్. ఫరవాలేదన్నాను. పాచిక వేస్తే ఒకటి పడింది. ఆ ఆటలో ఒకటికి మించిన దురదృష్టం లేదు. వర్తకులు వల విసిరి పట్టుకున్నారు. ఎక్కడికి తీసుకెళ్ళారో తెలియలేదు.

అది ఒట్టి ఆటని నాకు తెలుసు. అయినా మర్నాడంతా చెయ్యి ఏ పని మీదా నిలవలేదు. పంపొద్దని తెలిసీ పంపాను కదా అని అదే తిరిగింది బుర్రలో. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. అత్తగారు ఒక ముద్ద తిని ఆగి, "ఒంట్లో బాలేదా?" అంది.

"అదేం లేదత్తయ్యా. నిన్న ఆటలో తేజ పోయింది."

ఆమె మజ్జిగ గిన్నె నా వైపు జరిపింది. "ఇది పోసుకో. ఉప్పు తెలీదు."

ఆ వారమే జెస్సీ తన ఫోన్‌లో తేజ బొమ్మను స్టేటస్ పెట్టింది, 'నిన్ను వెతికి తెస్తాం' అని రాసి. వెనకాల మా హాలు, గోడ మీద మామగారి ఫొటో కనిపిస్తున్నాయి. చర్చిలో సగంమంది దగ్గర జెస్సీ నంబరు ఉంది.

రెండు రోజులకి పాస్టర్ కృపాదానం వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. చిన్నప్పుడు అత్తగారి దగ్గర వీబీఎస్‌లో కూర్చున్నవాడే. వీబీఎస్ అంటే వేసవి సెలవుల్లో చర్చిలో పిల్లలకు పెట్టే వాక్య తరగతులు. పాటలు, కథలు, బొమ్మలు, చివరి రోజు నాటిక. మా చర్చిలో దాన్ని ఎన్నో ఏళ్ళుగా నడిపేది అత్తగారే. ఆమె తుఫానులో పడవ కథ చెబితే పిల్లలు బల్లలు గట్టిగా పట్టుకునేవాళ్ళట. బెంజిమిన్ చెప్పాడు.

"వందనాలు టీచరమ్మగారూ," అని కూర్చున్నాడు పాస్టర్. నేను నిమ్మకాయ నీళ్ళు ఇచ్చాను. గ్లాసు చేతిలోనే పెట్టుకుని, దాంట్లోకి చూస్తూ మాట్లాడాడు. "టీచరమ్మగారింట్లో ఘటసర్పానికి పూజలు చేస్తన్నారని ఒకామె ఫోన్ చేసిందండీ. నేను నమ్మలేదు."

"పూజ కాదు, ఆట," అంది అత్తగారు.

"ఆటేనండీ. కానీ పిల్లల్ని పంపే తల్లిదండ్రులు అడుగుతున్నారు గదా. మీ కోడలుగారు కూడా ఇంకా బాప్తిస్మం తీసుకోలా. అదీ ఇదీ కలిపి మాట్లాడుకుంటన్నారు. ఆ ఆట ఆపించండి. అమ్మాయిగారు ఈ పెంతెకొస్తు పండక్కి బాప్తిస్మానికి సిద్ధపడితే ఇంక ఎవరూ నోరెత్తరు. లేదంటే ఈ ఏడు వీబీఎస్ వేరేవాళ్ళకి అప్పజెప్దామని పెద్దలంటన్నారు."

చెడ్డగా చెప్పలేదు. చెప్పడం ఇష్టం లేనట్టే చెప్పాడు. అత్తగారు అతని చేతిలో గ్లాసు వైపు చూసింది.

"ముందు ఆ నీళ్ళు తాగు అబ్బాయ్, వేడెక్కుతున్నయ్," అంది. అతను గబగబా తాగేశాడు. "ఆట సంగతి ఇంట్లో మాట్లాడతా. బాప్తిస్మం మాత్రం నేను అడగను. ఆ పిల్ల మాకు కోడలై మూడేళ్ళైంది, ఒక్కనాడు అడగలా. ఇప్పుడూ అడగను."

ఆమె మాట్లాడేదాకా నేను ఆగలేదు. ఆ సాయంత్రమే, "ఆట ఆపేస్తాం అత్తయ్యా," అని చెప్పాను. బెంజిమిన్ గొంతు పెంచాడు. మనింట్లో మనం ఏం ఆడుకోవాలో వాళ్ళెవరు చెప్పడానికి అన్నాడు. వీబీఎస్ మీ అమ్మది, ఆట మనది, మనదే చిన్నది అన్నాను నేను. అత్తగారు వద్దనలేదు. మంచిదనీ అనలేదు. లేచి వెళ్ళి బీరువా మీద నుంచి వీబీఎస్ చార్టుల కట్ట దించి, దుమ్ము దులపడం మొదలుపెట్టింది. ఆమె మొహం తేలికపడింది. అది చూసి నాకు సంతోషం వేయాల్సింది. కోపమే వచ్చింది. ఒక్కమాట, పోనీలే అమ్మాయ్ అని ఒక్కమాట అనొచ్చు కదా అనిపించింది. పాచికల్నీ బొమ్మనీ ఒక స్టీలు డబ్బాలో వేసి అటక మీద పెట్టాను. తేజ ఎక్కడుందో ఎవరికీ తెలియకుండానే కథ ఆగిపోయింది.

మే నెలలో వీబీఎస్ మొదలైంది. అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని, జెస్సీని వెంటబెట్టుకుని ఎనిమిదింటికల్లా వెళ్ళింది. మధ్యాహ్నానికి గాని రాదనుకున్నాను. పది కాకముందే గేటు చప్పుడైంది. ఒక్కతే వచ్చింది, గొడుగు లేకుండా. జాకెట్టు చెమటకి తడిసిపోయింది.

"కూరేం చేస్తన్నావ్?" అంది.

"దొండకాయ అత్తయ్యా."

"ఇటియ్యి, నేను కోస్తా."

కోసింది. ఏమైందని రెండుసార్లు అడిగాను. "ఏం లేదు, కత్తిపీట మొద్దుబారింది, సాన పట్టించాలి," అంది.

ఏం జరిగిందో మధ్యాహ్నం జెస్సీ వచ్చి చెప్పింది. ప్రార్థన అయ్యాక పాస్టర్ మైకు తీసుకుని, మన టీచరమ్మగారింట్లో ఆ చెడ్డ ఆట మానేశారు, కోడలుగారు కూడా త్వరలో ప్రభువు దగ్గరికి రాబోతున్నారు అన్నాడట. పెద్దవాళ్ళూ పిల్లలూ అందరూ చప్పట్లు కొట్టారట. అత్తగారు లేచి నిలబడిందట.

"పెద్దమ్మ గట్టిగా కూడా మాట్లాడలా వదినా," అంది జెస్సీ. "ఆట మా కోడలు నాకోసం మానుకుంది, చెడ్డదని కాదు అంది. వారాలకి వారాలు నేను గుమ్మంలో కూర్చుని విన్నా, చెడ్డ మాట ఒక్కటి వినలా అంది. బాప్తిస్మం సంగతి ఆ పిల్లకీ దేవుడికీ మధ్యన, మీరు చప్పట్లు కొట్టారు కాబట్టి చెప్తన్నా అంది. పాస్టర్‌గారు, కూర్చోండమ్మా తర్వాత మాట్లాడుకుందాం అన్నాడు. పెద్దమ్మ చార్టులన్నీ నా చేతిలో పెట్టి చెప్పులేసుకుంది."

"ఎవరూ ఆపలేదా?"

"లేదు."

లోపలి గదిలో అత్తగారు పడుకుని ఉంది. ఫ్యాన్ వైపు చూస్తోంది. వెళ్ళి మంచం అంచున కూర్చున్నాను. ఆమే అంది, "కరెంటు పోయేలా ఉంది, మోటారు వెయ్యి."

ఆ తర్వాత రోజూ పొద్దున చర్చి మైకులో పిల్లల పాటలు మా ఇంటిదాకా వినిపించేవి. అత్తగారు ఆవకాయకి ముక్కలు తుడుస్తూ వరండాలో కూర్చునేది. పెదవులు పాటతోపాటు కదిలేవి. ఒక పాట దగ్గర మాత్రం గుడ్డ పక్కన పెట్టి, రెండు చేతులూ గాల్లో గుండ్రంగా తిప్పింది. నేను చూశానని తెలిసి, "ఈ పాటకి చేతులు ఇట్టా తిప్పాలి. పిల్లలకి చెప్పారో లేదో," అంది.

వారం గడిచాక ఒక పొద్దున కాఫీ తాగుతూ, "మే నెలలో నాకు పని లేకపోవటం ఇదే మొదలు," అంది. "మీ అమ్మావాళ్ళ ఊరు పోయొద్దాం పద."

"నాన్న మాట్లాడడు అత్తయ్యా."

"మాట్లాడమని అడగటానికి కాదు. పోదాం. కూర్చోమంటే కూర్చుందాం, లేకపోతే తర్వాత బస్సుకి వచ్చేద్దాం. బెంజిమిన్ వద్దు. మనిద్దరమే."

పిడుగురాళ్ళలో బస్సు దిగి ఆటో మాట్లాడుకున్నాం. అత్తగారు దారి పొడుగునా ఏ చేలో ఏం వేశారని ఆటో అబ్బాయిని అడుగుతూనే ఉంది.

గేటు తీసింది అమ్మ. నన్ను చూసి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న గొడ్లచావడి ముందు మంచం మీద కూర్చుని ఫోన్‌లో వార్తలు పెట్టుకుని వింటున్నాడు. ఒకసారి తలెత్తి చూశాడు. మళ్ళీ ఫోన్‌లోకి చూశాడు.

"యశోద వదినగారూ, కాసిని మంచినీళ్ళిప్పించండి," అంది అత్తగారు, రోజూ వచ్చే మనిషిలా. అమ్మ నాన్న వైపు చూడలేదు. లోపలికి వెళ్ళి చెంబు, స్టీలు గ్లాసు తెచ్చింది. వేరే గ్లాసు కాదు, మా ఇంట్లో అందరూ తాగేదే. కుర్చీ వేసింది. అత్తగారు కూర్చుంది. నేను అరుగు మీద కూర్చున్నాను.

"ఎండాకాలం మీకు చర్చిలో తరగతులుంటయ్యంట గదా. ధరణి ఫోన్లో చెప్పింది," అంది అమ్మ. అని నాలుక కరుచుకుంది. ఫోన్ సంగతి నాన్నకు తెలియదు. నాన్న ఫోన్‌లోంచి తలెత్తలేదు.

"ఈ ఏడు లేవండీ నాకు."

"ఏం?"

అత్తగారు కుర్చీలో సర్దుకుని కూర్చుంది. "అదొక పెద్ద కథ. ఒక పడవ నడిపే ఆమె ఉందండీ. ఏరు దాటించటం ఆమె పని. ఒకనాడు పడవలో నీళ్ళు తోడుతుంటే అడుగున గుడ్డు దొరికింది..."

నేను ఆమె వైపే చూస్తూ ఉండిపోయాను. తేజ గుడ్డులోంచి ముందు తోక బయటపెట్టిందని చెప్పింది. ఆ సంగతి నేను మరిచిపోయాను. ఉరుములకు తుమ్మితే పడవ తెరచాపకు నిప్పంటుకోవడం, వాన వచ్చినప్పుడల్లా నేను దాని మీద కుండ బోర్లించడం, మొదటిసారి ఎగిరి నీళ్ళలో పడటం, అన్నీ వరసగా చెప్పింది. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో ఆమెకు తెలుసు. చేతులు రెక్కల్లా ఆడాయి. "మాడిన అన్నం పెట్టేదండీ మీ అమ్మాయి దానికి. నాకు నచ్చలా. అయినా మంచిగానే సాకింది. ఒట్టిదే అనుకోండి, మావాడు చెప్పే ఆటలోదే. కానీ సాకటం మాత్రం నిజంగానే సాకింది."

గుమ్మంలో పీట మీద, మాకు వీపు పెట్టి, చింతపండు గింజలు తీస్తూ ఆమె ఇదంతా వింది.

ఎప్పుడు ఆపాడో తెలియదు, నాన్న ఫోన్‌లో వార్తలు ఆగిపోయాయి.

"ఉప్పమ్ముకునేవాళ్ళు వలేసి పట్టుకున్నారు," అంది అత్తగారు. "అంతవరకే. చర్చిలో మాటొచ్చిందని ఆ తర్వాత వీళ్ళు ఆడలా."

"అయ్యో," అంది అమ్మ.

గేదె ఒకటి తల విదిల్చింది.

"మరి ఎతకలా?"

అడిగింది నాన్న. నన్నే అడిగాడని అర్థమవడానికి కొంత సేపు పట్టింది. నా వైపు చూడటం లేదు, మంచం నులక వైపు చూస్తున్నాడు.

"లేదు నాన్నా. ఆట ఆపేశాం."

"పిల్లదాన్ని ఆడ్నే వదిలేశావా?"

ఆ మాట అని ఆయనే ఆగిపోయాడు. భుజం మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. లేచి చావడిలోకి వెళ్ళి, మేత ఉన్న గాడిలోనే ఇంకాస్త మేత వేశాడు. అక్కడి నుంచే అమ్మను కేకేశాడు. "ఏమే, ఎండన పడొచ్చారు. అన్నాలకి లేపు."

ఆ రోజు అందరం తిన్నాం. నాన్న మాతో కూర్చోలేదు కానీ, మేం వెళ్ళేటప్పుడు గేటు దాకా వచ్చాడు. ఆటో అబ్బాయికి నిదానంగా పోనియ్యమని చెప్పాడు.

ఆ ఆదివారం డబ్బా అటక మీద నుంచి దించాను. అత్తగారు పీట గుమ్మంలోనే వేసుకుంది, కానీ ఈసారి మా వైపు తిరిగి కూర్చుంది. ఆ బొమ్మంటే ఆమెకు ఇప్పటికీ ఇష్టం లేదు. టేబుల్ తుడిచేటప్పుడు దాన్ని నాచేతే తీయిస్తుంది. చర్చికి వెళ్తుంది, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంటుంది. కృపాదానం ఎదురైతే ఇద్దరూ వందనాలు చెప్పుకుంటారు. వీబీఎస్ మాత్రం మళ్ళీ ఆమె చేతికి రాలేదు. ఈ మే నెలలో జెస్సీ నడిపింది. నేను బాప్తిస్మం తీసుకోలేదు. తీసుకుంటానో లేదో నాకే తెలియదు, ఇంట్లో ఎవరూ అడగలేదు.

తేజను వెతకడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. ఆ జూన్‌లో తొలకరి పడ్డ రోజు, ఉప్పు బస్తాల వెనక ఒక బోనులో దొరికింది. ఆ సాయంత్రం అమ్మ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే అవతల నాన్న. వాన పడిందా అన్నాడు. పడిందన్నాను. మాకూ పడింది, పత్తి గింజలు పెడుతున్నాం అన్నాడు.

"దొరికిందా అది?"

"దొరికింది నాన్నా. రెక్క ఒకటి చిరిగింది."

"అతుక్కుంటదిలే. మీ అత్తగారిని అడిగానని చెప్పు."

"చెప్తా."

పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు.

"ఆ కథ చెప్పేది నీ మొగుడేనా?"

"అవును నాన్నా."

"ఊఁ," అన్నాడు. "బానే చెప్తాడే," అని ఫోన్ పెట్టేశాడు.